ప్రదక్షిణకు ఎదురు పరుగు

మదనపల్లెలో మేము ఉదయం నడిచే మైదానం ఒక ఉన్నత పాఠశాలది. గోడకు ఒక మీటరు లోపలగా కొలిస్తే దాని చుట్టుకొలత నాలుగు వందల పన్నెండు మీటర్లు. ఈ సంఖ్యకు పూచీ నాది. భూమి కొలతల శాఖలో సర్వేయరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. ఉక్కు టేపుతో రెండుసార్లు కొలిచాను, రెండుసార్లూ అంతే వచ్చింది. మా నడక సంఘంలో చాలామంది దీన్ని అరకిలోమీటరు అంటారు. పది చుట్లు తిరిగి, ఐదు కిలోమీటర్లు నడిచామని ఇంటికి వెళ్ళి చెప్పుకుంటారు. చుట్టుకు ఎనభై ఎనిమిది మీటర్ల చొప్పున లేని దూరాన్ని కలుపుకుంటున్నారని నేనొక సమావేశంలో తెలియజేసినప్పుడు ఎవరూ కృతజ్ఞత చూపలేదు.

ఆ సంఘానికి కార్యదర్శిని నేను. అధ్యక్షులు ప్రధానోపాధ్యాయులుగా విరమించిన పెద్దమనిషి. ఎండాకాలంలో కూడా శాలువా లేకుండా గడప దాటరు. పాఠశాలవారు ఉదయం ఐదు నుంచి ఎనిమిది వరకు మైదానాన్ని మా సంఘానికి వదిలారు. షరతులు రెండే. శుభ్రంగా ఉంచాలి, ఎనిమిదికి గేటు మూసి తాళంచెవి కాపలాదారుకు అప్పగించాలి. కాబట్టి ఆ మూడు గంటలలో లోపలికి ఎవరు రావచ్చునో, వచ్చి ఏమి చేయవచ్చునో నిర్ణయించే అధికారం సంఘానిదే.

మేమందరం ఒకే దిక్కుగా నడుస్తాం. మైదానం మధ్యభాగాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని, గుడిలో ప్రదక్షిణ చేసిన విధంగా. ఇది నియమావళిలో లేదు. నియమావళి రాసింది నేనే కనుక నిస్సందేహంగా చెప్పగలను. కొత్తగా చేరినవారికి ఎవరూ ఈ సంగతి నేర్పరు. గేటు దాటగానే వారి కాళ్ళు వాటంతట అవే ఎడమకు మళ్ళుతాయి. మధ్యలో దేవుడున్నాడా అంటే లేడు. వల ఊడిపోయిన వాలీబాల్ స్తంభాలు రెండు ఉన్నాయి. ఇన్నేళ్ళుగా మేము వాటికే ప్రదక్షిణ చేస్తున్నామన్న విషయం ఈ ఏడాది జనవరి వరకు నాకు తట్టలేదు.

జనవరిలో ఐదుగురు యువజనులు పరుగుకు రావడం మొదలుపెట్టారు. వారిని తీసుకువచ్చింది మా ఇంటి పై వాటాలో తల్లితో అద్దెకుండే అమ్మాయి. వయసు ఇరవై నాలుగు. ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, ఎక్కువగా రాత్రి డ్యూటీలే. తల్లి ఒకప్పుడు అంగళ్లు అనే ఊరి చుట్టుపక్కల టమోటా తోటల్లో కూలికి వెళ్ళేది. ఇప్పుడు కళాశాల హాస్టలులో నెల జీతానికి వంట చేస్తుంది. అమ్మాయి వెంట వచ్చినవారిలో ముగ్గురు ఇంజనీరింగు విద్యార్థులు. నాలుగోవాడు టమోటా మండీలో వేలం పాటలు రాసే గుమాస్తా, ఇరవై ఆరేళ్ళవాడు, చొక్కా గుండీలు కడుపు దగ్గర కష్టపడుతున్నవాడు. అతని రక్తం పరీక్షించింది ఈ అమ్మాయే. చక్కెర హద్దు దాకా వచ్చిందని కాగితం చేతికిస్తూ, మందుల అంగడికి పోయే ముందు మైదానానికి రమ్మని మందలించి తీసుకువచ్చిందట.

వీరు ఐదుగురూ మాకు ఎదురు దిక్కున పరుగెత్తారు.

మొదటి వారంలోనే అధ్యక్షులూ మండీ గుమాస్తా ఒకరికొకరు ఎదురుపడ్డారు. అధ్యక్షులు పక్కకు తప్పుకున్నారు, అతడూ అటే తప్పుకున్నాడు. ఆయన ఇటు జరిగారు, అతడూ ఇటే జరిగాడు. మూడోసారి ఇద్దరూ ఆగిపోయారు; అతని మెడకు ఆయన శాలువా సగం చుట్టుకొని ఉంది.

"ఏమప్పా, కండ్లు కనపడలేదా నీకు?"

"కనపడినాయి సార్. అందుకే కుడి పక్కకు జరిగినా."

"నేను ఎడమ పక్కకు జరిగితినే!"

"మీ ఎడమా నా కుడీ ఒకటే కదా సార్, ఎదురెదురుగా ఉండాము."

"అదే అడుగుతాండా. అసలు ఎదురు యాల వస్తావు? ఇంతమందిదీ ఒక దావ, నీదొక దావనా?"

"గ్రౌండులో పరుగంటే ఎడమ చేతి పక్కకే తిరగాల సార్. ఇస్కూల్లో పీటీ సార్ అట్లనే నేర్పించినాడు."

"మేము ప్రదక్షిణంగా పోతాండాం. నువ్వు పోయేది అప్రదక్షిణం. మనుషులు అట్ల తిరిగేది యాడో తెలుసునా నీకు?"

"స్టేడియంలో సార్."

"స్మశానంలో!"

గుమాస్తా వినయంగా శాలువా విడిపించి, మడత పెట్టి, ఆయన భుజం మీద వేశాడు. ఆ వినయమే అధ్యక్షులకు మరింత కోపం తెప్పించిందని నా అంచనా.

గొడవ పెరగకూడదని నేను ఒక సర్దుబాటు చెప్పాను. పరుగువారు కూడా మా దిక్కునే తిరగాలి. దావ అందరిదీ ఒకటే అవుతుంది. వారు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. కాగితం మీద ఇది నిర్దోషమైన పరిష్కారం. ఆచరణలో నాలుగు రోజులు నిలిచింది.

మా సభ్యులు నలుగురేసి పక్కపక్కన నడుస్తారు, ఎందుకంటే రాజకీయాలు వెనకా ముందూ నడుస్తూ మాట్లాడడానికి వీలుకాదు. వారిలో కొందరికి చెవులు సరిగా వినపడవు. వెనక నుంచి ఐదు జతల కాళ్ళు దబదబమని వచ్చి, "సైడ్ సార్, సైడ్!" అని మెడ మీద అరిస్తే ఏమవుతుందో నేను లెక్కలోకి తీసుకోలేదు. తపాలా శాఖలో పనిచేసి విరమించిన మిత్రులొకరు ఆంబోతు తరుముకొస్తున్నదనుకొని గోడ వైపు గెంతారు. ఆయన వయసు డెబ్బై ఒకటి. దెబ్బ తగలలేదు గాని, పది నిమిషాలు మెట్ల మీద కూర్చొని గుండె పట్టుకున్నారు. గుమాస్తా పరుగున పోయి నీళ్ళు తెచ్చాడు.

"తాగు తాతా. ఏం కాలేదులే. నీ గెంతుకు మెడల్ ఇయ్యాల."

"మెడల్ నీ మెడలో ఏసుకో నాయనా. గజ్జెలు గూడా కట్టుకో, వచ్చేది తెలుస్తాది."

అందరూ నవ్వారు, అధ్యక్షులు తప్ప. ఎదురు వస్తే అప్రదక్షిణం, వెంట వస్తే ప్రాణభయం. కనుక ఎనిమిది లోపల పరుగే వద్దన్నది ఆయన మాట. ఫిబ్రవరి చివరి ఆదివారం సర్వసభ్య సమావేశంలో తేల్చాలనీ, అంతదాకా పరుగు ఆపాలనీ నిర్ణయమైంది. సమావేశానికి ఒక నివేదిక తయారుచేయవలసిందని నన్ను ఆదేశించారు. యువజనులు ఆరోగ్యం కోసం ఏమి కోరుతున్నారు, దానికి మన మైదానమే కావాలా అన్నది విషయం.

నాలుగైదు రోజుల తర్వాత ఒక సాయంత్రం పై వాటా అమ్మాయి డ్యూటీకి పోతూ మా వరండాలో ఆగింది.

"తాతా, ఎనిమిదైనాక రమ్మంటే ఎట్ల? అప్పటికి ఇస్కూలు తెరస్తారు."

"సాయంత్రం వేళ?"

"సాయంత్రం డ్యూటీకి పోవాల కదా."

"బెంగుళూరు రోడ్డు వెడల్పుగా ఉంది. తెల్లవారుజామున అక్కడ పరుగెత్తరాదా?"

"లారీలుండాయి తాతా. లారీలన్నా మేలు, దాటుకొని పోతాయి. బైకులోళ్ళు దాటుకొని పోరు. పక్కనే మెల్లగా వస్తా, 'ఎవరన్నా తరుముతాండారా పాపా' అంటారు."

ఆమె చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ తన సంగతి చెప్పింది. రాత్రంతా వెలుతురులో మేలుకొని ఇంటికి వస్తే, పగలు పడుకున్నా నిద్ర పట్టదు. కళ్ళు మూసుకుంటే గాజు గొట్టాలు, వాటి మీద అంటించిన చీటీలు కనబడతాయి. ఎవరి రక్తం ఎవరి పేరు కింద రాశానోనని లేచి కూర్చుంటుంది. మైదానంలో పరుగెత్తి వచ్చిన రోజుల్లో మాత్రం పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోతుంది.

"ఆ పొద్దు మా యమ్మ పక్కనే కుక్కర్ పెట్టినా లేయను తాతా."

"ఎన్ని గంటలు పడుతుంది నిద్ర?"

"గంటలు లెక్కబెట్టుకుంటా పండుకుంటే ఇంగ నిద్దర యాడొస్తాది?"

బస్సు వేళయిందని ఆమె వెళ్ళిపోయింది. పరుగు ఆపిన ఈ కొద్ది రోజుల్లో ఆమె కళ్ళ కింద నలుపు దిగింది. దాన్ని కొలిచే సాధనం నా వద్ద లేదు, అయినా చూశాను. సమావేశంలో తేలబోయేది మా నడక దిక్కు ఒక్కటే కాదనీ, మా తలమీది గదిలో ఒక మనిషికి నిద్ర ఉంటుందా ఉండదా అన్నదీ అక్కడే తేలుతుందనీ నాకు అర్థమైంది.

నివేదిక అంటే నాకొక పద్ధతి ఉంది. ఒక ఊరి మాట ఆధారం కాదు. మూడు చోట్ల అడగాలి, మూడూ పోల్చాలి. మదనపల్లెలో పై వాటా అమ్మాయి మాట విన్నాను, పుంగనూరులో నాతో పాటు ఉద్యోగం చేసిన స్నేహితుడు ఉన్నాడు, కుప్పంలో మా చెల్లెలు ఉంది. ప్రశ్న ఒకటే పెట్టుకున్నాను: మీ ఆరోగ్యం బాగుపడాలంటే ఏమి కావాలి? వచ్చే జవాబులను కూడా ముందే ఊహించి నాలుగు గడులు గీసుకున్నాను: వ్యాయామశాల, ఆట స్థలం, వైద్యుడు, పౌష్టికాహారం.

పుంగనూరు బస్టాండులో స్నేహితుడూ నేనూ అరుగు మీద కూర్చున్నాం. చౌడేపల్లె వైపు వెళ్ళే కళాశాల పిల్లలు బస్సు కోసం నిలబడి ఉన్నారు. నేను ప్రశ్న అడిగాను. ఒక కుర్రవాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏం స్కీము సార్ ఇది?"

"స్కీము ఏదీ లేదప్పా. ఊరికే తెలుసుకుందామని."

"పేరు రాసుకుంటారా?"

"రాసుకోను."

"అట్లయితే నిజం సెప్తాంలే," అన్నాడు. చుట్టూ నవ్వులు. "నిజమంటే, మా నాయన నన్ను మా పెదనాయన కొడుకుతో పోల్చకుండా ఒక నెల ఉంటే సాలు సార్. నాకు నిద్దర పడతాది, ఆయనకు బీపీ దిగుతాది. ఒకే మందు, ఇద్దరు పేషెంట్లు."

ఇది ఏ గడిలో రాయాలో తోచలేదు. పక్కనున్న మరొకడి ఇంట్లో ఆవులు ఉన్నాయని తెలిసి, పౌష్టికాహారం గడి నిండుతుందన్న ఆశతో, రోజూ పాలు తాగుతావా అని అడిగాను.

"పాలు కేంద్రానికి పోతాయి సార్. మాకు టీ మిగులుతాది."

చివరగా, కాస్త దూరంగా నిలబడి ఉన్న ఒక అమ్మాయిని అడిగాను. ఆమె ముందు తలవంచుకుంది. స్నేహితురాలు మోచేత్తో పొడిచి, "సెప్పవే, స్కీము కాదంట," అంది. అప్పుడు మెల్లగా చెప్పింది.

"కాలేజీలో నీళ్ళు తాగాలని ఉండాది సార్."

"తాగే నీళ్ళు లేవా అమ్మా అక్కడ?"

"నీళ్ళుండాయి. తాగితే మళ్ళ బాత్రూముకు పోవాల కదా సార్. ఆడికి పోలేం. పొద్దున ఇంట్లో తాగేది, సాయంత్రం ఇంటికి పోయినాక తాగేది."

బస్సు వచ్చింది. వారందరూ ఒకే తలుపు గుండా ఒకేసారి ఎక్కడానికి ప్రయత్నిస్తూ వెళ్ళిపోయారు. నా స్నేహితుడికి మనవరాళ్ళు ఇద్దరు, అదే వయసువారు. "ఇంటికి పోదాం పద," అన్నాడు చివరికి. ఆ సాయంత్రం మనవరాళ్ళు కళాశాల నుంచి రాగానే, నేను ఎన్నడూ చూడని విధంగా, తానే లేచి రెండు చెంబుల నీళ్ళు తెచ్చి వారి ముందు పెట్టాడు. వారు తాత వైపు అనుమానంగా చూసి, గుక్క తిప్పుకోకుండా తాగారు.

మర్నాడు పలమనేరు మీదుగా కుప్పం చేరాను. మా చెల్లెలి మనవరాలు బెంగుళూరులో ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఇంటి నుంచే రోజూ రైల్లో వెళ్ళి వస్తుంది. తెల్లవారుజామున పోయిన పిల్ల రాత్రికి గాని ఇల్లు చేరదని చెల్లెలి ఫిర్యాదు. ఆ రోజు ఆదివారం కనుక మనిషి కంటికి కనబడింది. రాగి సంగటి, వేరుశనగ చట్నీ తిని, సాయంత్రం నడకకు పోతున్నానంది. నేనూ బయలుదేరాను. దారి పట్టింది రైల్వే స్టేషనుకు.

"వారమంతా ఈడికే వస్తావు. ఆదివారం కూడా స్టేషనేనా?"

"వారమంతా పరిగెత్తేది తాతా. ఈపొద్దు నడిచేది."

ప్లాట్‌ఫారం టికెట్లు తీసుకొని లోపలికి వెళ్ళాం. జనం కూర్చునే చోటు దాటాక ప్లాట్‌ఫారం బోసిగా ఉంది. ఆమె వయసువారు చాలామంది అక్కడ ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తున్నారు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో కలిపి మాట్లాడుకుంటున్నారు. నా ప్రశ్న ఆమెకూ వేశాను.

"నాకేం కావాలంటే... గుడుపల్లెలో ఎక్కే నా ఫ్రెండుకు సీటు దొరకాల. దినామూ నిలబడుకొని వస్తాది పాపం. నేను సీటు ఆపి పెడతా, ఎవరో ఒకరు కూసుంటారు."

"అది ఆమె ఆరోగ్యం. నీది అడుగుతున్నాను."

"ఆ పిల్ల కూసుంటే నాతో మాట్లాడతాది. నిలబడుకుంటే మాట్లాడదు. గంటన్నర పక్కన మాట్లాడే మనిషుంటే ఆఫీసులో తలనొప్పి రాదు తాతా."

నా గడులన్నీ ఖాళీగానే ఉన్నాయి. నేను బెంచీ మీద కూర్చొని నడిచేవారిని పరిశీలించాను. అక్కడ ప్రదక్షిణం లేదు, అప్రదక్షిణం లేదు, పోయేవారూ వచ్చేవారే. ఎవరి ఎడమ అంచున వారు నడుస్తూ, ఎదురుపడినప్పుడల్లా ఒక చూపో, ఒక మాటో, "ఏం సామీ, ఇంగా ఎన్ని రౌండ్లు?" అన్న ఎగతాళో విసురుకుంటున్నారు. నేను చూసినంతసేపూ ఒకరికొకరు తగలలేదు. ఒకరి శాలువా మరొకరి మెడకు చుట్టుకోలేదు.

"ఇంతమంది ఎదురెదురుగా వస్తున్నారు. ఢీకొనరా?" అని మనవరాలిని అడిగాను.

"ఎదురొచ్చేటోళ్ళు కనపడతారు కదా తాతా. ఎనకాల వచ్చేటోళ్ళతోనే బయం."

ఆ రాత్రి చెల్లెలు ఎంత చెప్పినా వినకుండా, టేపుతో పని ఉందని మర్నాటి మొదటి బస్సుకే మదనపల్లెకు బయలుదేరాను. "టేపుతో ఏం పనుండాదిన్నా నీకు ఈ వయసులో?" అని ఆమె నవ్వింది.

పని ఉంది. మైదానంలో మా దావకు ఆరు మీటర్లు లోపలగా మరొక దావ కొలిచాను. చుట్టుకొలత మూడు వందల అరవై నాలుగు మీటర్లు. రెంటి నడుమ మండీ గుమాస్తాతో ముగ్గుపొడి గీత వేయించాను. బయటి దావలో నడిచేవారు మా దిక్కున, లోపలి దావలో పరుగెత్తేవారు వారి దిక్కున. ఎదురెదురుగా వస్తారు గనుక కనబడతారు. గీత ఉంది గనుక తగలరు. ఇదే నా ప్రతిపాదన.

ఆదివారం వచ్చింది. నడక ముగిశాక పాఠశాల మెట్ల మీద సభ్యులం ముప్పై ఒక్కమందిమి కూర్చున్నాం. ఐదుగురు యువజనులు కింద నిలబడ్డారు. అమ్మాయి రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. ఆసుపత్రి కార్డు ఇంకా మెడలోనే ఉంది. నేను లేచి నివేదిక చదివాను. పట్టిక లేని నివేదిక చదవడం నాకు అదే మొదలు. గడులలో ఇమడలేదు కనుక ఎవరు ఏమన్నారో అలాగే చదివాను. నాయన పోలికల మాటకు అందరూ నవ్వారు. తండ్రులు కొంచెం ఆలస్యంగా నవ్వారు. పాల మాటకు తలలూపారు. నీళ్ళు తాగని అమ్మాయి మాట చదివినప్పుడు ఆడవారు ఒకరి వైపు ఒకరు తిరిగారు. ఎన్నో ఏళ్ళు పాఠశాలలు నడిపిన అధ్యక్షులు శాలువా తీసి ఒడిలో పెట్టుకొని, దాని అంచుల వైపే చూస్తూ ఉండిపోయారు.

ఆ తర్వాత ముగ్గుపొడి గీత సంగతి చెప్పాను. ఆయన తేరుకున్నారు.

"గీత బాగుండాది. కొలత మీది కాబట్టి అనుమానం లేదు. అయితే బయట ప్రదక్షిణం, లోపల అప్రదక్షిణం. మనం చేసిన పుణ్యమంతా లోపలోళ్ళు విప్పేసినట్టు కాదా?"

జవాబు ఆడవారి వరుస నుంచి వచ్చింది. లేచింది స్వయంగా అధ్యక్షుల శ్రీమతి.

"శనివారం శనివారం నవగ్రహాల గుడిలో మా ఇంటాయన కుడిపక్కగా ఏడు చుట్లు తిరుగుతాడు. ఆపైన రాహుకేతువులకని ఎడం పక్కకు రెండు చుట్లు తిరుగుతాడు. ఆ పుణ్యం గూడా విప్పుకొని పోతాందా? అడగండి."

మెట్లన్నీ నవ్వాయి. అధ్యక్షులు చేయెత్తి, "అది వేరే," అన్నారు.

"ఏం వేరే? ఈ పిల్లోళ్ళను రాహుకేతువులని అనుకుంటే సరిపోలేదా?"

"రాహువు నేనైతా సార్," అన్నాడు గుమాస్తా కింద నుంచి, కడుపు నిమురుకుంటూ. "మింగేది నాకు అలవాటే."

నవ్వులు తగ్గాక తపాలా మిత్రులు లేచారు. ఆయనే అసలు బాధితుడు కనుక అందరూ అటు తిరిగారు. "అయ్యోరా," అన్నారు అధ్యక్షులతో, "నాకు చెవులు పోయినాయి గాని కండ్లుండాయి. ఎదురొస్తే చూసుకుంటా. ఎనక రావద్దు, అంతే."

ఇంకెవరైనా చెప్పేది ఉందా అని నేను అడిగాను. అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసింది. సిద్ధం చేసుకున్న మాటలు ఉన్నట్టున్నాయి, అవి రాలేదు. "మాకు జిమ్ము వద్దు, మందులు వద్దు," అంది. "ఈడ పరిగెత్తితే ఎవరూ 'యాల పరిగెత్తతాండావు' అని అడగరు. నాకు నిద్దర పడతాది. అంతే సార్." ఆ 'అంతే' చెబుతూనే ఆమెకు ఆవులింత వచ్చింది. చేయి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ ఆవులింత వరుసగా మెట్ల మీదున్న అందరికీ అంటుకుంది, అధ్యక్షులకు కూడా. ఇంక నిలబడలేనని ఆమె నా వైపు చూసి, తలూపి, ఓటింగు జరగకముందే ఇంటికి వెళ్ళిపోయింది.

చేతులెత్తించి లెక్కపెట్టాను. అనుకూలం ఇరవై రెండు, వ్యతిరేకం ఐదు. నలుగురు ఏ చెయ్యీ ఎత్తలేదు. తీర్మానం నెగ్గినా అధ్యక్షులు ఒక షరతు పెట్టారు. పరుగువారు లోపలికి రాగానే మొదటి చుట్టు బయటి దావలో, మా దిక్కున, మాతో పాటు నడవాలి. ఆ తర్వాత వారి ఇష్టం.

"దాన్ని వార్మప్ అంటారు సార్," అన్నాడు గుమాస్తా.

"మేము మర్యాద అంటాం," అన్నారు అధ్యక్షులు. తీర్మానంలో ఏ మాట రాయాలన్న దాని మీద కొంత చర్చ జరిగింది. నేను 'మొదటి చుట్టు నడక' అని మాత్రమే రాశాను.

తీర్మానం నకలు తీసుకొని, ఎండెక్కకముందే ఇంటికి వచ్చి, పై వాటా మెట్లు ఎక్కాను. తలుపు ఓరగా వేసి ఉంది. తల్లి గడప దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూడగానే వేలు పెదవి మీద పెట్టుకుంది.

"పండుకొనుండాది అప్పా. ఈ వారంలో ఇదే మొదలు. బట్టలు గూడా మార్చుకోలేదు."

"సమావేశం ఏమైందో చెప్పాలి అమ్మా," అన్నాను గొంతు తగ్గించి.

"ఏమైంది?"

"ఇరవై రెండు, ఐదు."

ఆమె చేతిలోని కాయ ఆగింది. "అంటే?"

"అంటే, రేపటి నుంచి పరుగెత్తవచ్చు."

ఆమె లోపలికి చూసింది. చాప మీద ఒక పాదం మాత్రం కనబడుతోంది, బూటు విప్పని పాదం. ఈ నిద్ర దేనివల్ల వచ్చిందో నేను నిర్ధారించలేను. ఆ ఉదయం ఆమె పరుగెత్తలేదు. తీర్పు ఏమిటో కూడా ఆమెకు తెలియదు. చెప్పవలసిన నాలుగు మాటలు నలుగురి ముందు చెప్పి వచ్చింది, అంతే.

"లేచినాక నేను సెప్తాలే," అంది తల్లి. "ఇప్పుడు లేపితే మీ తీర్మానం దండగైపోతాది."

నేను కాగితం మడిచి ఆమెకిచ్చి, చెప్పులు చేత పట్టుకొని మెట్లు దిగాను.